బడి వెనక నాలుగు మళ్లు

1762లో అచ్చయిన రూసో పుస్తకం ‘ఎమీల్‌’లో ఒక చిన్న గొడవ ఉంది. ఎమీల్‌ అనే పిల్లవాడు గురువుగారితో కలిసి తోటలో ఓ మూల చిక్కుడు జాతి గింజలు నాటుతాడు. రోజూ వచ్చి నీళ్లు పోస్తాడు. మొలకలు లేస్తుంటే గంతులేస్తాడు. ఒకరోజు వచ్చి చూసేసరికి మడి మొత్తం తవ్వి పారేసి ఉంటుంది. ఏడుపు, రాగాలు. ఎవరా అని ఆరా తీస్తే తోటమాలి రాబేర్‌. తీరా పిలిపించి అడిగితే అతగాడు పిల్లవాడి కన్నా ఎక్కువ మండిపడుతున్నాడు. అదే చోట అతను ముందుగా మేలురకం మాల్టా కర్బూజా విత్తనాలు వేసుకున్నాడట. వీళ్లు వచ్చి వాటిని నాశనం చేసి పైన తమ గింజలు నాటారు. చివరికి రాజీ కుదిరింది. తోటలో ఒక మూల పిల్లవాడికి వదిలేస్తాడు, తన కర్బూజాల జోలికొస్తే మాత్రం మళ్లీ తవ్వి పోస్తానంటాడు.

ఆస్తి అంటే ఏమిటో పిల్లవాడికి తెలియజెప్పడానికి రూసో ఈ కథ అల్లాడు. కానీ ఆ తర్వాత రెండున్నర శతాబ్దాల పాటు బడితోటల చరిత్ర అంతా ఆ మడి గట్టు మీదే నడిచింది. నేల ఎవరిది, చాకిరీ ఎవరిది, పండింది ఎవరి కంచంలోకి వెళ్తుంది అన్న తగువు ప్రతి దేశంలోనూ ఏదో ఒక రూపంలో లేచింది. తోట పిల్లల కోసమా, పిల్లలు తోట కోసమా అన్నది తేలనిచోట తోటలు ఎండిపోయాయి. కొన్నిచోట్ల పీకి పారేశారు కూడా.

బడికి తోట ఉండాలన్న మాట రూసో కన్నా పాతది. పదిహేడో శతాబ్దంలో చెక్‌ విద్యావేత్త కొమీనియస్‌ బడిని ఆనుకుని తోట ఉండాలనీ, పిల్లలు చెట్టూచేమా చూసి ఆనందించాలనీ రాశాడు. ఆయనది కంటికి విందు చేసే తోట. పిల్లల చేతికి మట్టి అంటించినవాడు జర్మనీకి చెందిన ఫ్రోబెల్‌. 1837లో బాద్‌ బ్లాంకెన్‌బుర్గ్‌ అనే చిన్న ఊళ్లో పసిపిల్లల కోసం ఆయన మొదలుపెట్టిన బడే 1840 నాటికి కిండర్‌గార్టెన్‌ అయింది. మన సందు చివర ఎల్‌కేజీ, యూకేజీలకు మూలపురుషుడు ఆయనే. కాకపోతే ఆయన బడిలో నిజంగానే తోట ఉండేది, హోంవర్కు ఉండేది కాదు.

ఆ తోటకు ఫ్రోబెల్‌ గీసిన పటం ఇవాళ చూసినా ముచ్చటేస్తుంది. మధ్యలో పిల్లలకు తలా ఒక చిన్న మడి, చుట్టూ అందరిదీ అయిన ఉమ్మడి మళ్లు. ఉమ్మడి మడిలో కూరగాయలో పూలో ధాన్యమో ఒక పద్ధతి ప్రకారం వేయాలి, అందరూ కలిసి చూసుకోవాలి. సొంత మడిలో పిల్లవాడు ఏం చేసినా పెద్దలు వేలు పెట్టకూడదు. మొక్కను రోజుకోసారి పీకి వేరు ఎంత పెరిగిందో చూసుకున్నా సరే. చచ్చిపోయిన మొక్కే ఆ పాఠం చెబుతుందని ఆయన నమ్మకం. ఇంత అమాయకమైన ఏర్పాటును ప్రష్యా ప్రభుత్వం 1851లో నిషేధించింది. నాస్తికత్వం, సోషలిజం పిల్లల బుర్రల్లోకి ఎక్కిస్తున్నారన్నది అభియోగం. మరుసటి ఏడాదే ఫ్రోబెల్‌ కన్నుమూశాడు. నిషేధం 1860లో గానీ తొలగలేదు.

యూరప్‌లో మిగతా రాజ్యాలు వేరే లెక్క వేసుకున్నాయి. పల్లెల్లో పండ్లచెట్ల అంట్లు కట్టడం, కూరగాయలు పెంచడం తెలిసినవాళ్లు పెరిగితే దేశానికి రాబడి. 1869లో ఆస్ట్రియా తెచ్చిన ప్రాథమిక విద్యా చట్టం పల్లెబళ్లకు తోట ఉండాలని చెప్పింది. స్వీడన్‌ అదే దారి పట్టింది. అక్కడా ఇక్కడా చాలా పల్లెల్లో పంతులు జీతంలో కొంత భాగం ఇల్లూ పెరడూ రూపంలోనే ఉండేది కాబట్టి, బడితోట ఏది, పంతులుగారి కూరల పెరడు ఏది అన్నది గీత గీసి చెప్పలేని పరిస్థితి. మనకిది కొత్తేమీ కాదు. వీధిబడి పంతులుగారికి పిల్లలు నీళ్లు మోసి, కట్టెలు తెచ్చిపెట్టిన సంగతులు పాతతరం జ్ఞాపకాల్లో కొల్లలు.

అమెరికాలో ఈ గాలి బోస్టన్‌ నగరంలో మొదలైంది. రాక్స్‌బరీ పేటలోని జార్జ్‌ పట్నం స్కూలు ప్రధానోపాధ్యాయుడు హెన్రీ లింకన్‌ క్లాప్‌ యూరప్‌ వెళ్లి అక్కడి తోటలు చూసొచ్చి 1891లో తన బడిలో ఒక తోట వేయించాడు. మొదట అందులో అడవి పూలమొక్కలూ ఫెర్న్‌లే. కూరగాయల మళ్లు కొన్నేళ్ల తర్వాత వచ్చాయి. 1902లో న్యూయార్క్‌లో ఫానీ గ్రిస్కమ్‌ పార్సన్స్‌ అనే ఆవిడ ఇంకో అడుగు వేసింది. హడ్సన్‌ నది ఒడ్డున, చెత్తాచెదారం పేరుకున్న డివిట్‌ క్లింటన్‌ పార్కు స్థలంలో కొంత బాగుచేయించి మురికివాడల పిల్లలకు తలా ఒక మడి పంచింది. ముల్లంగి, బీట్‌రూట్‌, చిక్కుళ్లు. ఎవరు పండించింది వాళ్లు ఇంటికి పట్టుకెళ్లొచ్చు. ఆ పిల్లల్లో చాలామంది వలస వచ్చినవాళ్ల బిడ్డలు. తల్లిదండ్రులు ఊరొదిలి వచ్చిన రైతులు, పిల్లలేమో మట్టి ఎరగరు.

ఉత్తరాన నగరాలవాళ్లకు తోట ఒక సరదా, ఒక సంస్కారం. దక్షిణాన అది బతుకు సమస్య. బానిసగా పుట్టి వ్యవసాయ శాస్త్రవేత్తగా ఎదిగిన జార్జ్‌ వాషింగ్టన్‌ కార్వర్‌ 1896లో అలబామాలోని టస్కీగీ విద్యాలయానికి వచ్చేసరికి నల్లజాతి కౌలురైతుల పొలాలు పత్తి తర్వాత పత్తి వేసి సారం పోయి ఉన్నాయి. అప్పు ఇచ్చినవాడికి పత్తే కావాలి కాబట్టి గుమ్మం దాకా పత్తే. ఇంట్లో తిండికి మాత్రం కొట్టు నుంచి తెచ్చుకున్న మొక్కజొన్న పిండి, ఉప్పేసిన పంది కొవ్వు, చెరుకు పానకం. ఏడాది పొడవునా అదే. ఈ తిండి మీద బతికిన దక్షిణ రాష్ట్రాల పేదలను పెల్లాగ్రా అనే జబ్బు పట్టింది. ఎండ తగిలిన చోటల్లా చర్మం నల్లబడి పగులుతుంది, కడుపు చెడుతుంది, ముదిరితే మతి తప్పుతుంది. అది అంటురోగం కాదనీ, తిండి లోపమనీ డాక్టర్‌ జోసెఫ్‌ గోల్డ్‌బర్గర్‌ 1914 తర్వాత చేసిన పరిశోధనల్లో తేలింది. కార్వర్‌ అంతకు ముందు నుంచే బొబ్బర్లు వేయండి, చిలగడదుంపలు వేయండి, వేరుశనగ వేయండి అని ఊరూరా తిరిగి చెబుతున్నాడు. 1906 నుంచి పనిముట్లూ విత్తనాలూ వేసుకుని తిరిగే బండి కూడా నడిచింది. పెద్దలు వింటారు గానీ మారరని ఆయనకు త్వరగానే అర్థమైంది. 1910లో పల్లెబళ్ల టీచర్ల కోసం ప్రకృతి పరిశీలన, తోటపని మీద ఒక చిన్న పుస్తకం వేశాడు. అందులో ఆదర్శాల ఊసు తక్కువ, మడి కొలతలూ విత్తే పద్ధతీ ఎక్కువ.

ఇంతలో మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. తోట పాఠం కాస్తా కవాతు అయిపోయింది. 1918లో అమెరికా ప్రభుత్వం ‘స్కూల్‌ గార్డెన్‌ ఆర్మీ’ పెట్టింది. డబ్బు యుద్ధ ఖాతాలోంచి వచ్చింది, నడిపింది విద్యాశాఖ. పిల్లలను ‘నేల సైనికులు’ అన్నారు. హోదాలు ఇచ్చారు, బిళ్లలు ఇచ్చారు, రంగురంగుల పోస్టర్లు వేశారు. లక్షలమంది పిల్లలు చేరారు. ఆయా ప్రాంతాల వాతావరణానికి తగ్గట్టు పాఠాల పుస్తకాలు కూడా అచ్చువేశారు, వాటిలో సరుకు ఉంది. యుద్ధం ముగిసింది, డబ్బు ఆగిపోయింది, తోటలు ఒక్కొక్కటే ఆటస్థలాలుగా, పచ్చికబయళ్లుగా మారిపోయాయి. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటన్‌లోనూ ఇదే కథ. బాంబులు పడుతున్నంతకాలం బడి మైదానంలో బంగాళాదుంపలు, తర్వాత మళ్లీ క్రికెట్‌. కరువుకో యుద్ధానికో పుట్టిన తోటకు ఆ కరువూ యుద్ధమూ పోగానే దిక్కు ఉండదు. దాన్ని పెట్టినవాళ్లకు కావలసింది దుంపలు, పిల్లవాడు నేర్చుకున్నది కాదు.

అమెరికా తోటలకు ఇంకో చిక్కు ఉండేది, దాన్ని ఎవరూ పూర్తిగా విప్పలేదు. అక్కడ బడికి సెలవులిచ్చేది వేసవిలో. టమాటా పండేదీ, చిక్కుళ్లు కాసేదీ అప్పుడే. వసంతంలో విత్తిన పిల్లవాడు కోతకు ఉండడు.

మన దేశానికి ఈ ఆలోచన దక్షిణాఫ్రికా మీదుగా వచ్చిందంటే తప్పులేదు. 1910లో జోహానెస్‌బర్గ్‌కు 21 మైళ్ల దూరంలో హెర్మన్‌ కాలెన్‌బాక్‌ ఇచ్చిన 1,100 ఎకరాల్లో గాంధీ టాల్‌స్టాయ్‌ ఫారం పెట్టారు. సత్యాగ్రహంలో జైళ్లకు వెళ్లినవాళ్ల కుటుంబాలకు అది నీడ. గుజరాత్‌, తమిళనాడు, ఉత్తరాదివాళ్లతో పాటు ఆంధ్రదేశం వాళ్లూ అక్కడ ఉన్నారని గాంధీయే రాశారు. వెయ్యి దాకా పండ్లచెట్లు. ఇరవై ముప్పై మంది పిల్లలు. గుంతలు తవ్వడం, చెట్లు కొట్టడం, బరువులు మోయడం, తోటపని ఎక్కువగా పిల్లలదే. చదువు మధ్యాహ్నం తర్వాత. పొద్దుట్నుంచీ ఒళ్లు వంచిన పిల్లలు పాఠం మొదలవగానే జోగేవారు. పంతులు గాంధీ కూడా జోగేవారు. కళ్ల మీద నీళ్లు చల్లుకుని మళ్లీ మొదలుపెట్టేవాళ్లం అని ఆయన దాచకుండా రాసుకున్నారు. పని ఎంతవరకు చదువు, ఎక్కడ్నుంచి ఒట్టి అలసట అన్న ప్రశ్నకు ఇంతకన్నా నిజాయితీ ఉన్న సాక్ష్యం దొరకదు.

బెంగాల్‌లో టాగూర్‌ దారి వేరు. వ్యవసాయ నిపుణుడు లియొనార్డ్‌ ఎల్మ్‌హర్స్ట్‌ తోడుగా 1922లో శ్రీనికేతన్‌, 1924లో పేదపిల్లల కోసం శిక్షాసత్ర మొదలయ్యాయి. అక్కడ పిల్లవాడి మడి ఒకేసారి ఆటస్థలమూ ప్రయోగశాలా కావాలన్నది ఎల్మ్‌హర్స్ట్‌ మాట. లాభం లెక్క అందులో లేదు.

గాంధీ లెక్కలో ఉంది. 1937 అక్టోబరులో వార్ధాలో జరిగిన విద్యా సదస్సులో ఆయన పెట్టిన ప్రతిపాదన, పిల్లలు చేసే వృత్తిపని రాబడితోనే బడి ఖర్చు గడవాలని. జాకిర్‌ హుస్సేన్‌ కమిటీ దాన్ని పాఠ్యప్రణాళికగా మలిచింది. వడకడం, నేత, వడ్రంగం, సేద్యం, పండ్లు–కూరగాయల తోటపని వంటివాటిలో ఒకదాన్ని మూలవృత్తిగా తీసుకోవాలి. ఐదున్నర గంటల బడిలో వృత్తిపనికి 3 గంటల 20 నిమిషాలు, మాతృభాషకు 40 నిమిషాలు. ఈ అంకెలు చూస్తే ఆ రోజుల్లో తల్లిదండ్రులకు గుండె ఎందుకు ఝల్లుమందో తెలుస్తుంది. రాబడి మీద చూపు మరీ ఎక్కువైతే పంతుళ్లు పిల్లలతో బండచాకిరీ చేయించే ప్రమాదం ఉందని ఆ కమిటీయే హెచ్చరించింది. సేవాగ్రామ్‌లో ఆర్యనాయకం దంపతులు నడిపిన బడిలో ఇది నిజంగానే చదువైంది. ఎరువు గుంట దగ్గర రసాయన శాస్త్రం, వంటింట్లో పోషకాహారం, కోత దగ్గర లెక్కలు. కానీ ఆర్యనాయకం లాంటి పంతుళ్లు ఊరికొకరు దొరకరు. దొరకనిచోట మిగిలింది తకిలీ, పార, మొక్కుబడి.

అసలు దెబ్బ ఇంకోవైపు నుంచి పడింది. 1953లో మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రి రాజాజీ పల్లెబళ్లలో పూటే బడి, మిగతా పూట పిల్లలు ఇంటి వృత్తి నేర్చుకోవాలని పథకం తెచ్చారు. ఆంధ్ర జిల్లాలు ఇంకా మద్రాసు రాష్ట్రంలోనే ఉన్న నెలలవి. కుమ్మరి కొడుకు కుమ్మరిగానే ఉండాలా, పాలేరు కొడుక్కి పార తప్ప పలక అక్కర్లేదా అని ఉద్యమం లేచింది. మరుసటేడు కామరాజ్‌ ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది. ఎత్తేయాల్సిందే. తరతరాలుగా ఒకరి పొలంలో వంగినవాళ్లు బిడ్డను బడికి పంపింది నడుము నిటారుగా నిలబెట్టుకోవడానికి. వాళ్ల దృష్టిలో బడిలో పార కనిపించడమే మోసం. కొఠారి కమిషన్‌ 1966లో ‘పని అనుభవం’ అన్నా, ఈశ్వర్‌భాయ్‌ పటేల్‌ కమిటీ 1977లో ‘సమాజోపయోగ ఉత్పాదక పని’ (ఎస్‌యూపీడబ్ల్యూ) అని పేరు మార్చినా ఆ అనుమానం పోలేదు. చివరికి అది ఐస్‌పుల్లల గుడిసెలూ, అట్టముక్కల బొమ్మలూ చేసే పీరియడ్‌గా కుదురుకుంది.

తోట కథ ఇలా ఉండగా కంచం కథ వేరే దారిలో నడుస్తోంది. 1920లో మద్రాసు నగరపాలక సంస్థకు అధ్యక్షుడిగా ఉన్న పిట్టి త్యాగరాయ చెట్టి, మన తెలుగువాడే, థౌజండ్‌ లైట్స్‌ ప్రాంతంలోని కార్పొరేషన్‌ బడిలో పిల్లలకు పగటిపూట ఆహారం పెట్టించాడు. ఒక్కో పిల్లవాడికి అణాకు మించకూడదన్నది షరతు. హాజరు పెరిగింది, ఇంకొన్ని బళ్లకు పాకింది, 1925లో ఖర్చు దగ్గర సర్కారు అడ్డుపడి ఆగింది. అదే కాలంలో నీలగిరుల్లోని కూనూరులో రాబర్ట్‌ మెకారిసన్‌ అనే డాక్టరు దేశంలో ఒక్కో ప్రాంతపు తిండి ఎలుకలకు పెట్టి చూస్తున్నాడు. గోధుమ రొట్టె, పాలు, పప్పు, ఆకుకూరలు తిన్న పంజాబీ ఎలుకలు నిగనిగలాడాయి. తెల్లన్నం, నీళ్ల పులుసు తిన్న మద్రాసు ఎలుకలు అట్టడుగున నిలిచాయి. ఆ మద్రాసు భోజనంలో సగం మన భోజనమే.

మెకారిసన్‌ ప్రయోగశాలే 1958లో హైదరాబాద్‌కు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. తార్నాకలో ఇప్పటికీ ఉంది. అక్కడికి వచ్చిన కొత్తలోనే సి.గోపాలన్‌, ఎస్‌.జి.శ్రీకాంతియా దక్కన్‌ పేదల్లో ఒక జబ్బును పట్టుకుని 1960లో ‘లాన్సెట్‌’ పత్రికలో రాశారు. చేతులూ మెడా నల్లబడి పగిలే పెల్లాగ్రా. అలబామాలో మొక్కజొన్న తిన్నవాళ్లకు వచ్చింది, ఇక్కడ జొన్న తిన్నవాళ్లకు వచ్చింది. జొన్నలో విషముందని కాదు. పప్పూ కూరా పాలూ పక్కన లేకుండా, మూడు పూటలా జొన్న ఒక్కటే తినాల్సి రావడం. కార్వర్‌ బొబ్బర్లు వేయమన్నది ఎందుకో తెలంగాణ మెట్టపొలాల్లో మళ్లీ రుజువైంది. ఇదే సంస్థ రేచీకటి మీద చేసిన కృషితో 1970లో దేశవ్యాప్తంగా పిల్లలకు ఆరు నెలలకోసారి విటమిన్‌–ఏ మోతాదు ఇచ్చే కార్యక్రమం మొదలైంది. చెంచాడు మందుతో చూపు నిలిచింది, సందేహం లేదు. ఆ చెంచా పక్కన పిడికెడు మునగాకూ తోటకూరా ఉండాలని గోపాలన్‌ లాంటివాళ్లు చెబుతూనే వచ్చారు. పెరటి చెట్టు మందుకు పనికిరాదని సామెత చెప్పుకునే జాతికి అది అంత త్వరగా ఎక్కలేదు.

తోటా కంచమూ ఒకేచోట కలిసిన బడి తెలుగునేల మీద ఒకటుంది. జహీరాబాద్‌ దగ్గర పస్తాపూర్‌ కేంద్రంగా దళిత మహిళా సంఘాలతో పనిచేసే డక్కన్‌ డెవలప్‌మెంట్‌ సొసైటీ 1990లలో మాచునూర్‌ గ్రామంలో పెట్టిన ‘పచ్చసాలె’. చదువు మానేసి పనిలోకి పోయిన పిల్లల కోసం మొదలైంది. లెక్కలూ సైన్సూ ఉంటాయి, పదో తరగతి పరీక్షలూ ఉంటాయి. వాటితో పాటే సేద్యం, విత్తనం, మూలికలు, కుండలు, వడ్రంగం. పైకి చూస్తే వార్ధా పథకమే. కానీ పాఠం చెప్పే చోటు తలకిందులైంది. ఇక్కడ విత్తనం గురించి ఎవరికి తెలుసంటే ఆ పిల్లల అమ్మమ్మలకు తెలుసు. జొన్న, కంది, కొర్ర, సామ, అవిసె కలిపి ఒకే చేనులో పదీ పన్నెండు రకాలు వేసే ఆడవాళ్లు. చేనుగట్టున ఎవరూ విత్తకుండానే లేచే తుమ్మికూర, పొన్నగంటి, గునుగు, గంగవాయిలి కూరల్లో ఏది ఏ వానకు వస్తుందో, ఏది బాలింతకు పెట్టాలో చెప్పగలిగినవాళ్లు. వ్యవసాయశాఖ కాగితాల్లో వీటిలో కొన్నిటి పేరు కలుపు. రాజాజీ పథకంలో ఇంటి వృత్తి అంటే పిల్లవాడు దాటలేని గీత. పచ్చసాలెలో అదే ఇంటి జ్ఞానం నల్లబల్ల మీదికి ఎక్కింది. తేడా పారలో లేదు, దాన్ని ఎవరు ఎవరి చేతికి ఎందుకు ఇస్తున్నారన్నదాంట్లో ఉంది.

ఈ తేడా తెలియాలంటే ‘రైలుబడి’ చదివిన తెలుగు పాఠకులకు ఒక్క ముక్క చాలు. టోక్యోలో కొబయాషి మాస్టారు 1937లో పెట్టిన తోమోయె బడిలో ఒకరోజు ఓ రైతును పిలుచుకొచ్చి, ఈయనే మీ సేద్యం మాస్టారు అని పిల్లలకు పరిచయం చేస్తారు. తెత్సుకో కురొయనాగి పెద్దయ్యాక రాసుకున్న ఆ జ్ఞాపకంలో రైతు కూలివాడుగా కాదు, గురువుగా వస్తాడు.

బడితోట అనగానే ఇప్పుడు ప్రపంచం చెప్పుకునే పేరు మాత్రం కాలిఫోర్నియా రాష్ట్రం బర్క్‌లీది. అక్కడ ‘షే పనీస్‌’ అనే పేరున్న రెస్టారెంటు నడిపే ఆలిస్‌ వాటర్స్‌, రోజూ దారిలో కనిపించే మార్టిన్‌ లూథర్‌ కింగ్‌ జూనియర్‌ మిడిల్‌ స్కూలు ఎవరికీ పట్టనట్టుందని ఓ పత్రికతో అనేసింది. ఆ బడి ప్రధానోపాధ్యాయుడు కోప్పడకుండా ఆమెను పిలిచాడు. 1995లో బడి పక్కన తారు పరిచిన ఎకరం నేలను తవ్వి తోట మొదలుపెట్టారు. నేల బాగుపడ్డానికి మొదట పచ్చిరొట్ట వేశారు. తోట కన్నా ముఖ్యమైన పని తర్వాత జరిగింది. వాడకంలో లేని పాత క్యాంటీన్‌ను వంటగదిగా మార్చి దాన్నీ తరగతిగదిని చేశారు. కోసింది పిల్లలే కడిగి తరిగి వండుకుని, బల్ల వేసుకుని కూర్చుని తినాలి. కోత దగ్గర ఆగిపోయిన అమెరికా తోటలు వందేళ్ల తర్వాత పొయ్యి దగ్గరికి వచ్చాయన్నమాట. 2010లో ‘అట్లాంటిక్‌’ పత్రికలో కైట్లిన్‌ ఫ్లానగన్‌ దీన్ని చీల్చి చెండాడింది. పొలాల్లో కూలి చేసి కష్టపడి వలస వచ్చిన మెక్సికన్‌ తండ్రి, కొడుకు బడిలోనూ పాలకూర కోస్తుంటే చూసి ఏమనుకోవాలి అన్నది ఆమె ప్రశ్న. 1953లో మద్రాసులో లేచిన ప్రశ్నే. జవాబు కూడా అక్కడే దొరుకుతుంది. కోసిన పాలకూర బండెక్కి వెళ్లిపోతే అది కూలి. తన కంచంలోకి వచ్చి, ఎందుకు తినాలో కూడా తెలిస్తే అది చదువు.

మన దగ్గర పొయ్యి బడికే వచ్చింది. 2001 నవంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుతో సర్కారు బళ్లలో వండిన భోజనం హక్కయింది, 2003 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అమలైంది. 2019లో కేంద్రం బడుల్లో పోషకాహార తోటలకు మార్గదర్శకాలు ఇచ్చింది. కాగితం మీద ఉద్దేశాలు మంచివే. అయితే పాత యావ ఇంకా పోలేదు. తోట గురించి తనిఖీ అధికారి మొదట అడిగేది ఎన్ని కిలోలు వచ్చాయని. ఒక చిన్న లెక్క చాలు. ప్రాథమిక బడి పిల్లవాడికి రోజుకు 50 గ్రాముల కూరగాయలు పెట్టాలని నిబంధన. వందమంది ఉంటే రోజుకు ఐదు కిలోలు. 200 పనిదినాలకు టన్ను. బడి వెనక రెండు సెంట్లలో టన్ను కూరగాయలు పండించమనడం ఎవరి మతిలోనూ పుట్టకూడని మాట. ఆ తోట సంతకు పోటీ కాదు. తోటకూర మడి నెల తిరక్కుండా నాలుగు రోజుల పప్పుకు సరిపడితే దాని పని అది చేసినట్టే.

ఆ నెలలో జరిగేది మాత్రం చాలా ఉంది. తోటకూర విత్తనం ఇసుమంత. అలాగే చల్లితే గుప్పలు గుప్పలుగా పడుతుంది కాబట్టి పొడి ఇసుకలో కలిపి చల్లాలి. విత్తనానికి ఎన్నింతల ఇసుక అన్నది నిష్పత్తి పాఠం. మడి చుట్టూ తాడు పట్టి కొలిస్తే చుట్టుకొలత. పదిహేనో రోజుకు ఒత్తుగా లేచినచోట పీకేసిన నారే మొదటి కూర. చిక్కుడు పాదుకు పూత వేళ పేనుబంక పడితే మందు కొట్టేముందు ఆకు తిప్పి చూడమని చెప్పే టీచరుంటే, ఆ పేనుబంకను తింటున్న అక్షింతల పురుగు కనిపిస్తుంది. ఎవరు ఎవరిని తింటారన్నది పుస్తకంలో బాణం గుర్తులతో గీసిన బొమ్మ కన్నా ఇక్కడ తేలిగ్గా ఎక్కుతుంది. చేతులు కడుక్కునే కుళాయిల దగ్గర నుంచి కాలవ తీస్తే ఆ నీళ్లు బచ్చలి పాదుకు చాలు. ఇక తిండి సంగతి. బీరకాయ అంటే మొహం తిప్పుకునే పిల్లలు తాము పాకించిన తీగకు కాసిందాన్ని కూరలో కరివేపాకులా తీసి పక్కన పెట్టరు. పెట్టినా పక్కవాళ్లు ఊరుకోరు.

ఇందులో మనకు అమెరికావాళ్లకు లేని అదృష్టం ఒకటుంది. మన బళ్లు తెరిచేది జూన్‌ రెండో వారంలో, మృగశిర కార్తె ప్రవేశించిన నాలుగు రోజులకు. తొలకరి పడేదీ అప్పుడే. జూన్‌లో బెండ, గోంగూర, తోటకూర, శ్రావణానికి పాదులు, కార్తీకం నుంచి సంక్రాంతి దాకా చిక్కుడు, చలికాలం పాలకూర, మెంతికూర, టమాటా. బడి ఏడూ పంట ఏడూ ఒకే తాడు మీద నడుస్తాయి. ఇంత బాగా కుదిరిన సంగతిని ఏ పాఠ్యప్రణాళికలోనూ ఎవరూ పెద్దగా వాడుకోకపోవడం వింతే.

చిక్కు వచ్చేది ఏప్రిల్‌ నాలుగో వారంలో. సెలవులివ్వగానే గేటుకు తాళం పడుతుంది, మోటారు ఆగుతుంది. ప్రహరీ కూలినచోటి నుంచి మేకలు దూరతాయి. ఏడాదంతా పెంచింది పది రోజుల్లో మోడు. అందుకే అనుభవమున్న టీచర్లు, వంట చేసే మహిళా సంఘాలవాళ్లు తోటను రెండు భాగాలుగా చూస్తారు. మార్చి ఆఖరుకల్లా ఆకుకూరలూ పాదులూ ముగించి విత్తనం తీసి సీసాల్లో పోస్తారు. గట్ల వెంబడి మాత్రం పెద్దగా నీళ్లు అడగని చెట్లు ఉంచుతారు: కరివేప, అవిసె, మునగ. మునగలో పీకేఎం–1 లాంటి రకాన్ని కాపు అయ్యాక మీటరు ఎత్తున నరకాలి. సెలవుల ముందు నరికి, మొదట్లో ఇంత పెంటపోగు వేసి వదిలేస్తే తొలకరికి కొత్త కొమ్మలు వేస్తుంది. జూన్‌లో వంట మొదలయ్యే నాటికి పప్పులో వేయడానికి ఆకు ఉంటుంది, దసరా సెలవుల నాటికి మళ్లీ కాయ.